జెల్డాలో కొమ్ముపురుగు మందట, మన తోటలో తెగులు: ఆ ఆటలో పురుగులు ఎంతవరకు నిజం?

స్విచ్_సత్తిబాబు
జెల్డా వరసలో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అనే వీడియో గేమ్ ఉంది కదా, అందులో కొమ్ముపురుగులు మూడు రకాలున్నాయి. బ్లేడెడ్ రైనో బీటిల్ వండి తాగితే మన దెబ్బకి బలం పెరుగుద్ది. రగ్గెడ్‌ది అయితే మనకి తగిలే దెబ్బ తగ్గుద్ది. ఎనర్జెటిక్‌ది ఆయాసం తీరుద్ది. మూడూ చెట్టు మాను మీద బుద్ధిగా కూర్చుని ఉంటాయి, మెల్లగా వెళ్ళి తీసుకోవడమే. మా కోనసీమలో ఆ పురుగు పేరు చెబితే ఇనప కొక్కెం పట్టుకుని కొబ్బరి చెట్టెక్కుతారు. అసలు రెండూ ఒకటేనా? తూనీగలు, మిణుగురులు, కీచురాళ్ళ సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకోటి, మూడు రకాల బీటిల్సూ ఒకే కుండలో వేస్తే ఏ గుణమూ రావట్లేదు. అదెందుకు?

కుండ_కింద_మంట
వంట సంగతి ముందు తేల్చేస్తా. కుండలో మొత్తం అయిదు వస్తువులే పడతాయి. పురుగు ఒక్కటే వేస్తే పనికిరాదు, దానితోపాటు రాక్షసుల దగ్గర దొరికిన కొమ్ము గానీ, కోర గానీ, పేగులు గానీ ఒక్కటైనా ఉండాలి. గుణం ఎంత గట్టిగా ఉండాలన్నది పురుగులు చూసుకుంటాయి, ఎంతసేపు ఉండాలన్నది ఆ రాక్షసుడి ముక్క చూసుకుంటుంది. కొమ్ముకి తక్కువ సేపు, కోరకి కాస్త ఎక్కువ, పేగులకి అందరికంటే ఎక్కువ. ఒక కుండకి ఒకే గుణం. బ్లేడెడ్ నాలుగు, పేగులు ఒకటి వేసి చూడు. రగ్గెడ్ కూడా కలిపావంటే రెండూ కొట్టుకుని చస్తాయి.

రావులపాలెం_రాజు
అందులో అరటిపండు కూడా దెబ్బకి బలమే ఇస్తుంది కదా, గెలలు గెలలు వేసేస్తే పోలా.

కుండ_కింద_మంట
పండుకి పురుగుకి పొత్తు లేదు రాజుగారూ. తిండి సామానూ పురుగూ ఒకే కుండలో పడితే తినలేని ముద్ద తయారవుతుంది. అరటిపండ్లు విడిగా వండుకోండి.

రావులపాలెం_రాజు
మా ఊరికి అన్యాయం జరిగింది.

పురుగుల_పంతులు
సత్తిబాబు అసలు ప్రశ్నకి వస్తా. రెండూ ఒకే కుటుంబం, జాతి వేరు. ఆటలోది చూడగానే జపాన్‌లో పిల్లలు వేసవి సెలవుల్లో పట్టుకునే కబుతోముషి గుర్తొస్తుంది. శాస్త్రీయంగా ట్రైపోక్సిలస్ డైకోటోమస్. రాత్రిపూట ఓక్ చెట్ల మాను మీద కారే రసం తాగడానికి చేరుతుంది, అందుకే ఆటలో కూడా మాను మీదే ఉంటుంది. చెట్టుని తొలవదు. అక్కడ దాన్ని గాజుపెట్టెలో పెంచుకుంటారు, దుకాణాల్లో అమ్ముతారు.

మనది ఒరిక్టెస్ రైనోసెరస్. నాలుగైదు సెంటీమీటర్ల పొడవు, నలుపు, నెత్తి మీద వెనక్కి వంగిన ఒకే కొమ్ము. పగలు మాను మీద ఎప్పుడూ కనబడదు. కొబ్బరి మొవ్వు (నెత్తిన ఇంకా విచ్చుకోని లేతాకు) దగ్గర మట్టల మొదళ్ళలో దూరి ఉంటుంది, చీకటి పడ్డాకే ఎగురుతుంది, వీధి దీపాలకి వచ్చి పడుతుంది. ఇంకో తేడా చూడండి. కబుతోముషిలో మగదానికే కొమ్ము. మనదానిలో ఆడదానికీ ఉంటుంది, కాస్త పొట్టిగా. కాబట్టి కొమ్ముని బట్టి మగా ఆడా తేల్చడం కష్టం, తిరగేసి చూడాలి. పొట్ట చివర ఎర్రటి నూగు గుబురుగా ఉంటే ఆడది.

మొవ్వు_మీద_కొమ్ము
ఆ కొమ్ము కత్తిలా పదునని ఆటలో రాశారు. అదైతే అబద్ధం కదండీ? కొబ్బరిని తొలిచేది కొమ్ముతో కాదు.

పురుగుల_పంతులు
కాదు. తొలిచేవి దవడలు. కొమ్ము ఊతానికి, తోసుకుపోవడానికి. మీ పేరుకి తగ్గ ప్రశ్నే అడిగారు.

లంక_రైతు
తోటలో దీన్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతా, ఆట ఆడే పిల్లలకి పనికొస్తది. విచ్చుకోని మొవ్వులో దూరి తొలుస్తది. అప్పుడేం కనబడదు. నెలా రెణ్ణెల్లకి ఆ ఆకు విచ్చుకున్నాక చూస్తే, మడతపెట్టిన కాయితాన్ని కత్తెరతో కత్తిరించి విప్పినట్టు రెండు పక్కలా ఒకే కొలతలో ముక్కలు ఎగిరిపోయి ఉంటాయి. అది చూసి ఇప్పుడు పురుగుందని కంగారు పడి ఎక్కితే లాభం లేదు, అది ఎప్పుడో పోయుంటది. చూడాల్సింది కన్నం దగ్గర. నమిలి బయటికి తోసిన పీచు తడిగా, పచ్చిగా ఉంటే లోపల పురుగున్నట్టు. ఎండి గోధుమరంగు తిరిగితే పాత కన్నం. పచ్చిగా ఉన్నప్పుడే కొక్కెం దింపి లాగాలి.

ర్యాలి_రాణి
లాగాక ఆ కన్నాన్ని అలాగే వదిలేస్తే?

లంక_రైతు
అదే అసలు ప్రమాదమమ్మా. కొమ్ముపురుగు చెట్టుని చంపడం తక్కువ, లేత మొక్కైతే తప్ప. కానీ ఆ గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడతది. అది లోపల్లోపల మాను తినేసి మొవ్వు వాలిపోయేదాకా తెలియనివ్వదు. తెలిసేసరికి చెట్టు అయిపోయినట్టే. కొమ్ముపురుగుని తీసినోడు గాయం కూడా చూసుకోవాలి.

పురుగుల_పంతులు
అసలు కొమ్ముపురుగు రాకుండా సాధారణంగా చెప్పే మోతాదు ఇది. వేపపిండి 250 గ్రాములు, అంతే బరువు ఇసుక కలిపి పైనున్న మూడు మట్టల మొదళ్ళలో పోయాలి, ఏడాదికి మూడుసార్లు. లేత మొక్కలకైతే మూడు కలరా ఉండలు మట్టల మొదళ్ళలో పెట్టి ఇసుక కప్పి, 45 రోజులకోసారి మార్చాలి. ఇసుక ఎందుకని చాలామంది మానేస్తారు. ఆ ఇసుక పురుగు కీళ్ళలోనూ మెడ సందులోనూ పడి రాపిడి పెడుతుంది, మందు త్వరగా ఎగిరిపోకుండా కూడా కాపాడుతుంది.

కుండ_కింద_మంట
రగ్గెడ్ బీటిల్ ఒంటికి కవచం ఉందని ఆటలో గొప్పలు. ఇసుకకి పడిపోతుందన్నమాట.

భీమవరం_చెరువు
ఎనర్జెటిక్ రైనో బీటిల్ పదేళ్ళు బతుకుతుందని ఆ ఆట వివరణలో ఉంది. ఇదెంత నిజం పంతులుగారూ?

పురుగుల_పంతులు
కబుతోముషి గుడ్డు నుంచి చావు వరకు ఏడాది పైచిలుకు. అందులో రెక్కలొచ్చి బయట తిరిగేది ఒక్క వేసవి. మన కొమ్ముపురుగుకి గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా సుమారు అయిదారు నెలలు, తిండీ తేమా సరిగా లేకపోతే ఇంకా సాగుతుంది. రెక్కలొచ్చాక మరికొన్ని నెలలు. పదేళ్ళ మాట రెంటికీ అతకదు. అరుదైన సరుకుకి ధర పెంచడానికి చెప్పిన మాటలా ఉంది.

స్విచ్_సత్తిబాబు
ధర అంటే గుర్తొచ్చింది. బీడిల్ అని వీపు మీద పెద్ద మూటతో తిరిగే వ్యాపారి, మన సంచిలో ఎనర్జెటిక్ బీటిల్ ఉంటే చాలు, మార్చుకుందామని వెంటపడతాడు.

రావులపాలెం_రాజు
ఆ బీడిల్‌ని ఒకసారి అంబాజీపేట పంపండి. బస్తాల లెక్కన ఇస్తాం, ఆయ్.

గోదారి_గట్టు
నవ్వులాట పక్కన పెడితే, ఆటలో లేనిదల్లా పురుగు ఎక్కడ పుడుతుందన్నది. మాను మీద ప్రత్యక్షమవుతుంది, తీసుకుంటాం, కొన్నాళ్ళకి మళ్ళీ అక్కడే. అసలు దానికి చెట్టు భోజనశాల మాత్రమే. పుట్టేది పెంటపోగులో, కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లో. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో లెక్కకి మిక్కిలి చెట్లు కూలాయి. అలాంటి దుంగలు తోటలోనే పడి కుళ్ళితే ఆ తరవాత ఏళ్ళలో కొమ్ముపురుగుకి వాటిని మించిన పురిటిగది ఉండదు. చెట్టెక్కి ఎన్ని లాగినా దిబ్బ తిరగెయ్యకపోతే లెక్క తగ్గదు.

లంక_రైతు
దానికి మెటారైజియం ఉందిగా. పచ్చ బూజు పొడి.

పురుగుల_పంతులు
అవును, మెటారైజియం అనైసోప్లియే అనే శిలీంధ్రం. పెంటపోగులో కలిపితే తెల్ల పురుగు (కొమ్ముపురుగు పిల్ల) ఒంటి మీద మొలిచి, ముందు తెల్లగా తరవాత ముదురాకుపచ్చగా బూజు కమ్మి గట్టిపడి చస్తుంది. పని చెయ్యలేదనే వాళ్ళలో ఎక్కువమంది ఎండిన దిబ్బలో చల్లినవాళ్ళే. తేమ లేకపోతే బూజు మొలవదు. చల్లాక నీళ్ళు కొట్టి తాటాకో కొబ్బరాకో కప్పండి.

దీనికి తోడు ఒక వైరస్ కూడా ఉంది. 1963లో మలేషియాలో హ్యూగర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. పసిఫిక్ దీవుల్లో దాన్ని వదిలి పురుగుని బాగా తగ్గించారు. అయితే 2007లో గువాం దీవికి చేరిన రకం ఆ వైరస్‌కి లొంగట్లేదు. రగ్గెడ్ అనే పేరు ఎవరికైనా పెట్టాలంటే దానికి పెట్టాలి.

ర్యాలి_రాణి
ఎర బుట్టలు అమ్ముతున్నారు కదండీ, మగపురుగు వాసన బిళ్ళతో. అవి మంచివేనా?

గోదారి_గట్టు
మంచివే. ఇథైల్ 4-మిథైల్ ఆక్టనోయేట్ అనే మందు, మగపురుగు వదిలే వాసనే అది. దానికి ఆడవీ మగవీ రెండూ వస్తాయి. అయిదెకరాలకి ఒక బుట్ట చాలు. కానీ ఊళ్ళో ఒక్కరే కట్టుకుంటే చుట్టుపక్కల పురుగంతా మన తోటకే విందుకొస్తుంది. లేత మొక్కల మధ్య అసలు కట్టొద్దు, గట్టు మీద కట్టండి. నలుగురూ కలిసి కడితేనే.

దుబ్బు_దగ్గర_దోమ
కొబ్బరి వాళ్ళు మాకు చోటివ్వరా? తూనీగల సంగతి అడిగాడు అబ్బాయి. ఆటలో ఎలక్ట్రిక్ డార్నర్ అనే తూనీగ వాన కురుస్తున్నప్పుడే కనబడుతుందట. ఇంతకంటే తలకిందుల మాట లేదు. జోరు వానలో తూనీగలు మామూలుగా ఎగరవు, గడ్డికో కొమ్మకో పట్టుకుని వేలాడతాయి. వాన వెలిశాక పొలం మీద గుంపులుగా లేస్తాయి. థండర్‌వింగ్ సీతాకోకచిలుక కూడా అంతే, వానలో ఆకు కింద దాక్కునే జీవిని వానలోనే చూపించారు.

కుండ_కింద_మంట
ఆట ఇంకో మెలిక పెట్టింది. వానలో పట్టుకున్నాం కదా అని అక్కడే వండలేం, ఆరుబయట మంట ఆరిపోతుంది. చూరు కిందకి పరిగెత్తాలి. కొండ ఎక్కుదామంటే జారుడు.

పురుగుల_పంతులు
వాన మాట తలకిందులే, ఒప్పుకుంటా. కానీ కోల్డ్ డార్నర్‌ని కొట్టిపారెయ్యకండి. దాని రెక్కలు ఒంటి వేడిని బయటికి పంపుతాయని ఆటలో రాశారు. రెక్కలు కాదు, పొట్ట. డార్నర్ అంటే పెద్ద తూనీగల కుటుంబం, అనాక్స్ జాతులు అందులోవే. అవి ఎగిరేటప్పుడు రొమ్ము కండరాలు కాగిపోతాయి. అప్పుడు వేడెక్కిన ద్రవాన్ని పొడవాటి పొట్టలోకి మళ్ళించి చల్లార్చుకుంటాయి. పొద్దున్నే చలిగా ఉంటే ఎగరకుండానే రెక్కలు వణికించి కండరాలు కాచుకుంటాయి. అంటే కోల్డ్ డార్నర్, వార్మ్ డార్నర్ రెండూ ఒకే తూనీగలో ఉన్నాయి.

దుబ్బు_దగ్గర_దోమ
వార్మ్ డార్నర్‌కి ధారగా చెమట పడుతుందని కూడా రాశారండోయ్.

పురుగుల_పంతులు
చెమట లేదు. అది వాళ్ళ సరదా.

మొవ్వు_మీద_కొమ్ము
మిట్టమధ్యాహ్నం వరి గట్టు మీద చూడండి. చిన్న తూనీగ గడ్డిపరక కొస పట్టుకుని తోక నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి నిలబడుతుంది, రెక్కలు ముందుకి వాల్చి. మనం మొక్కుతుంది అనుకుంటాం. ఎండ ఒంటికి తగిలే మేర తగ్గించుకోవడం అది. సూర్యుడు వాలేకొద్దీ తోక కూడా వాలుతుంది.

దుబ్బు_దగ్గర_దోమ
బాగా చెప్పారు. ఇంకోటి. ఆటలో తూనీగకి మందు గుణమే తప్ప వేట లేదు. వరిలో దాని విలువంతా వేటలోనే. పెద్దవి పైన ఎగిరే దోమల్ని పడతాయి. సూదిలా సన్నగా ఉండే రకాలు దుబ్బుల మధ్యకి దూరి ఆకుదోమల్ని ఏరుకుంటాయి. సుడిదోమ మాత్రం దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన కూర్చుంటుంది కాబట్టి దాన్ని సాలీళ్ళూ మిరిడ్ నల్లులూ ఎక్కువ తింటాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందు కొడితే ముందు చచ్చేవి ఇవే. తరవాత సుడిదోమ రెట్టింపై లేస్తుంది. దాని బదులు నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి, గాలీ వెలుతురూ దుబ్బు మొదలుకి తగిలితే సుడిదోమకి కిట్టదు.

భీమవరం_చెరువు
కాలిబాట వదిలితే చేను తగ్గిపోద్దని మావాళ్ళు ఒప్పుకోరు.

దుబ్బు_దగ్గర_దోమ
సుడిదోమకి చేను ఎండి సుడి పడ్డాక ఎంత తగ్గుద్దో వాళ్ళనే అడగండి.

గోదారి_గట్టు
అక్టోబరు చుట్టూ గుంపులుగా తిరిగే లేత పసుపు తూనీగ ఉంటుంది కదా, పాంటాలా ఫ్లేవెసెన్స్. దాని ముందు ఆటలోవి పసిపిల్లలు. అవి ఇండియా నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరతాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. వాన నీటి గుంటలో గుడ్డు పెడితే రెండు నెలల లోపే పిల్ల పెరిగి ఎగిరిపోగలదు. గుంట ఎండేలోపు పని అయిపోవాలిగా.

ర్యాలి_రాణి
మా కారు బానెట్ మీద తోకతో పొడుస్తూ ఉంటాయి, అదేం పిచ్చి?

గోదారి_గట్టు
నీళ్ళనుకుని గుడ్లు పెడుతున్నాయండి. నున్నటి ముదురు రంగు మీద పడిన వెలుతురు నీటి మీద పడినట్టే ఒకే దిశలో కంపిస్తూ తిరిగొస్తుంది, అవి దాన్ని బట్టే చెరువుని పోల్చుకుంటాయి. నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచినా అంతే.

స్విచ్_సత్తిబాబు
మిణుగురుల మాట ఎవరూ ఎత్తలేదు. సన్‌సెట్ ఫైర్‌ఫ్లై వండితే అడుగుల చప్పుడు తగ్గుతుంది. ఆటలో కాకరికో అనే ఊళ్ళో ఒకమ్మాయి ఇంట్లో అయిదు వదలమని కూడా అడుగుతుంది.

పురుగుల_పంతులు
ఇందులో చమత్కారం ఉంది. ఆ మెరిసే పదార్థమే మనల్ని గుట్టుగా నడిపిస్తుందని ఆట చెబుతుంది. మిణుగురు వెలిగించేదేమో పదిమందికీ కనబడటానికి. మగది ఎగురుతూ తన జాతి లయలో మినుకుమంటుంది, నచ్చితే గడ్డిలోంచి ఆడది బదులిస్తుంది. లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు పుట్టే వెలుగు, వేడి దాదాపు ఉండదు. దీపం ఉండేది పొట్ట చివరి కణుపుల్లో. మామూలుగా మగదానికి రెండు కణుపులు, ఆడదానికి ఒకటి. పిల్ల పురుగులు కూడా వెలుగుతాయి. అవి తినేది ఎక్కువగా నత్తల్ని.

భీమవరం_చెరువు
రాత్రంతా చెరువు గట్ల మీద లైట్లు వేసి ఉంచే చోట మిణుగురులు తగ్గాయంటే నమ్ముతా. ఆ వెలుగులో దాని మినుకు ఎవరికి కనబడుద్ది?

కుండ_కింద_మంట
ఆటలో పట్టడానికి చిట్కా: ఎడమ స్టిక్ నొక్కి వంగి నడవండి. నిటారుగా పరిగెత్తితే మెరుపు ఆపేసి మాయమవుతాయి. దీని తరవాతి ఆట టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో డీప్ ఫైర్‌ఫ్లై అని పాతాళంలో ఉండే రకం పెట్టారు. అది తాగితే మన ఒళ్ళే వెలుగుతుంది. ఇది మాత్రం సబబుగా ఉంది.

లంక_రైతు
కీచురాయి?

దుబ్బు_దగ్గర_దోమ
గడ్డి కోస్తే రెస్ట్‌లెస్ క్రికెట్ దూకుతుంది, అంతవరకు నిజమే. కూత మగదానిదే, కాళ్ళతో కాదు, ఒక రెక్క రంపం మీద ఇంకో రెక్క గీరితే వచ్చేది. చెవులు ముందు కాళ్ళ మీద ఉంటాయి. అడుగు అదురు తగలగానే కూత ఆపేస్తుంది.

మొవ్వు_మీద_కొమ్ము
ఇన్ని చెప్పారు గానీ, ఇవాళ కొబ్బరిని పీడిస్తున్నది కొమ్ముపురుగొక్కటే కాదు. సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశంలో మొదటిసారి కనబడింది, ఇక్కడికి రావడానికి ఎంతోకాలం పట్టలేదు. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా తెల్లటి గుడ్లు, కింద ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద మసి. ఆట తయారుచేసేవాళ్ళకి అలాంటిది అందంగా ఉండదు, అందుకే పెట్టరు.

పురుగుల_పంతులు
దానికి ఎన్కార్సియా అనే చిన్న కందిరీగ ఉంది. తెల్లదోమ పిల్లలో గుడ్డు పెట్టి లోపలినుంచి తినేస్తుంది. నల్లగా మారిన పిల్లలు కనబడితే కందిరీగ పని మొదలుపెట్టిందని అర్థం, అప్పుడు ఘాటు మందులు కొట్టకండి. అందినంత ఎత్తు వరకు ఆకు అడుగుకి నీటిని గట్టిగా చిమ్మండి, పసుపు జిగురు అట్టలు కట్టండి.

స్విచ్_సత్తిబాబు
జపాన్ బీటిల్‌ని తెప్పించుకుని పెంచుకోవాలనుంది. ఆన్‌లైన్‌లో ఎవరైనా పంపుతారా?

పురుగుల_పంతులు
వద్దు నాయనా. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి లేకుండా బతికున్న పురుగుని దేశంలోకి తెప్పించకూడదు. గువాం సంగతి పైన చెప్పానుగా, ఎవరో తెచ్చిన మొక్కలతోనో మట్టితోనో ఇలాంటివే ప్రయాణం చేస్తాయి.

లంక_రైతు
పెంచుకోవాలంటే మన పెంటపోగులోనే తెల్ల పురుగులు ఉంటాయి. కానీ అందులో అన్నీ కొమ్ముపురుగు పిల్లలు కావు. పూలమీద వాలే పెంకుపురుగుల పిల్లలూ ఉంటాయి, అవి ఎరువు బాగా మాగబెడతాయి, చంపొద్దు. తేడా తెలియాలంటే పురుగుని నున్నటి గచ్చు మీద పెట్టండి. కాళ్ళు పైకెత్తి వెల్లకిలా పాకితే పూలపురుగు పిల్ల. పక్కకి పడుకుని చుట్టుకునే ఉంటే కొమ్ముపురుగుది. తల కూడా చూడండి, కొమ్ముపురుగు పిల్లకి తల పెద్దది, ముదురు గోధుమరంగు.

స్విచ్_సత్తిబాబు
ఇప్పుడే దిబ్బ గీకి రెండు తెచ్చా. ఒకటి వెల్లకిలా పడి కారు బొమ్మలా పరుగెట్టింది. దిబ్బలోనే వదిలేశా.

ర్యాలి_రాణి
రెండోదో?

స్విచ్_సత్తిబాబు
పక్కకే పడుకుందండి. కోళ్ళకి వేశా, మూడు కోళ్ళు కొట్టుకున్నాయి.

రావులపాలెం_రాజు
ఆ కోళ్ళకి దెబ్బ బలం పెరిగిందేమో చూసి చెప్పు.